నిద్రకు పెట్టిన మందు

ఆ ఆదివారం పొద్దున శశిధర్ పెట్టుకున్న పని చిన్నదే. చాయ తాగి, తన నిద్ర మీద తానే ఒక పరీక్ష మొదలుపెట్టాలి.

శశిధర్ మెదక్‌లో భూముల సర్వేయర్. ఉద్యోగమంతా పొలం గట్ల తగాదాల మధ్యే గడిచింది గనుక ఎవరి మాటా నమ్మడు, కొలిస్తేనే నమ్ముతాడు. ఊళ్లవాళ్ల పొలాలు కొలిచీ కొలిచీ ఆ అలవాటు ఒంటి మీదికి మళ్లింది. ఒక ఎండాకాలమంతా కూరల్లో ఉప్పు మాన్పించి బీపీ చూసుకున్నాడు. ఆయన బీపీ తగ్గలేదు గాని ఇంట్లోవాళ్లది పెరిగింది. మరోసారి భోజనం కాగానే కొన్నాళ్లు ఎడమ పక్కకు, కొన్నాళ్లు కుడి పక్కకు పడుకొని ఎటు పడుకుంటే బాగా అరుగుతుందో చూశాడు. ఎటు పడుకున్నా అరగకపోవడానికి కారణం సాయంత్రం తినే మిరపకాయ బజ్జీలని భార్య యశోద అన్నది. బజ్జీలు పరీక్షలో భాగం కాదని ఆయన కొట్టిపారేశాడు.

ఇప్పుడు వంతు నిద్రకు వచ్చింది. చేతికి కట్టుకున్న కొత్త గడియారం రోజూ తెల్లవారగానే రాత్రి నిద్రకు మార్కులు వేస్తోంది. అంత తక్కువ మార్కులు శశిధర్‌కు పదో తరగతి లెక్కల్లో కూడా రాలేదు. అశ్వగంధ చూర్ణం మంచిదని ఫోన్లో ఎవరో చెప్పగా విని, ఒక డబ్బా కొందామని చర్చి రోడ్డులో మందుల దుకాణం నడిపే మోసెస్ దగ్గరికి పోయాడు. మోసెస్‌కు మందులమ్మడం కన్నా మందుల గురించి మాట్లాడటం ఇష్టం.

"అన్నా, మందు మింగుతున్న అని నీకు ఎరుకైతే నీ మనసే నీకు జోల పాడ్తది. మందు పనిజేసిందా, మనసు పనిజేసిందా ఎట్ల తెలుస్తది? అసలు మందేదో, ఉత్త పిండేదో నీకు తెల్వకుంట మింగాలె. పెద్ద పెద్ద కంపెనీలు గట్లనే చేస్తయి."

ఆ మాట శశిధర్ గుండెకు హత్తుకుంది. చూర్ణంతో పాటు ఖాళీ క్యాప్సూళ్లు కూడా కొనుక్కొని వచ్చాడు. ఇంట్లో ఎర్రమూత సీసా ఒకటి, నీలిమూత సీసా ఒకటి వెతికి తీశాడు. ఒకదాంట్లో చూర్ణం నింపినవి, ఇంకోదాంట్లో జొన్నపిండి నింపినవి ఉండాలి. ఏది ఎందులో ఉందో నింపినవాళ్లకే తెలియాలి. ఆయన కొన్నాళ్లు ఎర్రమూతవి, కొన్నాళ్లు నీలిమూతవి మింగి, చివరికి మార్కులు పోల్చుకోవాలి.

"నాకు వేరే పని లేదా?" అన్నది యశోద. ఆమె ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. ఆదివారం ఒక్కటే ఆమెకు ఊపిరి పీల్చుకునే రోజు.

"నువ్వు తప్ప ఎవలు చేస్తరు? గని యాదుంచుకో, ఎవ్వలకు చెప్పొద్దు. నాకైతే అస్సలు చెప్పొద్దు. నేను బతిమాలినా చెప్పొద్దు."

"అంటే నీకు తెల్వకుంట నీకు మందు పెట్టాలె."

"గంతే."

యశోద ఆయన ముఖం వైపు ఒకసారి పరీక్షగా చూసి, పిండి డబ్బా తెచ్చుకోవడానికి లేచింది.

ఆ ఇంట్లో మూడో మనిషి శశిధర్ తల్లి లలితమ్మ. మోకాళ్ల నొప్పులు, అరకొర నిద్ర ఆమెకు పాత చుట్టాలు. కోడి కూయకముందే లేచి, పాపం ఎవరికీ నిద్ర చెడగొట్టకూడదని వంటింట్లో గిన్నెలు మెల్లగా సర్దుతుంది. ఆ మెల్లగా సర్దే చప్పుడుకు పక్కింటి రాజమణి కూడా లేస్తుంది.

ఆ మధ్యాహ్నం లలితమ్మ మంచినీళ్లకని లేచి వస్తుంటే పడకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి చూస్తే కోడలు కింద కూర్చొని, ముందర ఏదో పొడి పోసుకొని, సన్నని గొట్టాల్లోకి కూరుతోంది. పక్కన ఫోన్లో తూప్రాన్‌లో ఉన్న అక్కతో మాట్లాడుతోంది.

"ఆయనకు తెల్వొద్దక్కా. ఏం పోస్తున్ననో తెలిస్తే మందు పనిజెయ్యదట... ఎన్ని దినాలా? ఆయన మారేదాంక!" అని నవ్వింది.

లలితమ్మ మంచినీళ్లు తాగకుండానే వెనక్కి తిరిగింది.

పెట్టుడు మందు సంగతి ఆ ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. భార్య మాట జవదాటని మగవాడు కనబడితే చాలు, ఆమె అన్నంలో ఏదో కలిపి పెట్టిందంటారు. అతనికి భార్య మీద ప్రేమ ఉందేమోనన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. అయినా లలితమ్మ తొందరపడే మనిషి కాదు. ముందు కొడుకును గమనిద్దామనుకున్నది.

గమనించిన కొద్దీ ఆమె అనుమానం బలపడింది. పరీక్ష నియమం ప్రకారం చీకటి పడ్డాక శశిధర్ ఫోన్ ముట్టడు, టీవీ చూడడు. చూడకపోతే పొద్దు పోదు. పొద్దు పోక ఒకనాడు వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. ఒంటికి కొంచెం పని పడితే నిద్రకు మంచిదని మర్నాడూ తోమాడు. చాయ వేళకు చాయ తాగొచ్చునా లేదా అన్నది కూడా పరీక్షలో లెక్కే, ఆ లెక్క యశోద చేతిలోనే ఉంది గనుక, "యశోదా, జర చాయ తాగనా?" అని అడిగి మరీ తాగుతున్నాడు. పుట్టిన కాన్నుంచి తిన్న కంచం ఎత్తని కొడుకు, సబ్బు నురగ చేతులతో పెళ్లాన్ని చాయకు అనుమతి అడగడం లలితమ్మ కళ్లారా చూసింది.

ఇక ఉండబట్టలేక ఒక సాయంత్రం కొడుకును పక్కకు పిలిచింది.

"కొడుకా, నీ పెండ్లాం నీకేం పెడ్తున్నదిరా?"

"తెల్వదమ్మా."

"తెల్వకుంటనే మింగుతున్నవా?"

"తెల్వకుంట మింగుడే అసలు సంగతి. తెలిస్తే మొత్తం ఖరాబైతది."

"మరి అడగరాదురా?"

"అడిగినా చెప్పొద్దని నేనే చెప్పిన." శశిధర్ ముఖం వెలిగిపోయింది. "మస్తు పనిజేస్తున్నదమ్మా! తల ఆనిస్తే తెల్లారేదాంక సోయి ఉంటలేదు."

లలితమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. ఈమధ్య తనకూ నిద్ర బాగానే పడుతున్నందుకు తనను తానే తిట్టుకున్నది. కొడుకు కొంప మునుగుతుంటే కన్నతల్లికి నిద్రేమిటి? వెంటనే కుల్చారంలో ఉన్న తమ్ముడు లక్ష్మయ్యకు ఫోన్ చేసింది.

లక్ష్మయ్య కుల్చారంలో పెద్దమనిషి. ఎవరింట్లో పంచాయితీ ఉన్నా పిలుస్తారు, పిలవకపోయినా పోతాడు. అక్క ఏడుపు సగం వినగానే మిగతా సగం తానే ఊహించుకున్నాడు. ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే భార్య బాలనర్సమ్మను, టేక్మాల్ నుంచి ఎల్లేష్‌ను వెంటబెట్టుకొని మెదక్‌లో దిగాడు. ఎల్లేష్ పెట్టుడు మందు కక్కిస్తాడని పేరు. మనిషి నెమ్మది, మాట నెమ్మది. చేతిలో మూత బిగించిన స్టీలు క్యాన్.

వాళ్లు వచ్చేసరికి యశోద కూరగాయలకు పోయింది. శశిధర్ వాకిట్లో కూర్చొని గడియారం వేసిన మార్కులు చూసుకొని మురిసిపోతున్నాడు. మామ, అత్త, కొత్త మనిషి వచ్చి చుట్టూ కూర్చునేసరికి ఎవరిదో పొలం కొలవమని వచ్చారనుకున్నాడు. ఎల్లేష్ ఆయన చెయ్యి పట్టుకొని నాడి చూశాడు.

"నిద్ర ఎట్లుంటున్నది సార్?"

ఇన్నాళ్లకు తన నిద్ర గురించి ఆసక్తిగా అడిగిన మనిషి ఎల్లేష్ ఒక్కడే. శశిధర్ ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "మస్తు. ఇదివరకు లేదు."

"కోపం?"

"తగ్గింది."

"పెండ్లాం మాట?"

"ఇంటున్న. ఇనకుంటే లెక్క తప్పుతది."

ఎల్లేష్ చెయ్యి వదిలేసి లక్ష్మయ్య వైపు తిరిగాడు. "ముదిరింది," అన్నాడు.

అప్పుడుగానీ శశిధర్‌కు సంగతి అర్థం కాలేదు. నవ్వు వచ్చింది. "మామా, గిది పెట్టుడు మందు కాదే! నేనే పెట్టమన్న."

"మందు పడ్డోడు గట్లనే అంటడు," అన్నాడు లక్ష్మయ్య.

"నిజంగనే! నా మీద నేనే పరీక్ష చేసుకుంటున్న."

"మందు పెట్టిన మనిషిని ఎనకేసుకొస్తడు గూడ," అన్నాడు ఎల్లేష్ నెమ్మదిగా.

శశిధర్‌కు ఉక్కిరిబిక్కిరైంది. అవునంటే మందు ఉన్నట్టు, కాదంటే మందు బాగా పట్టినట్టు. గట్ల తగాదాల్లో కూడా ఇంత పకడ్బందీ వాదన ఆయనకు ఎదురుకాలేదు. సాక్ష్యానికి మోసెస్‌ను పిలుద్దామని ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున మోసెస్ చర్చిలో ఉంటాడు. ఆయన ఫోన్ బంద్ ఉంటుంది.

అంతలో యశోద రెండు చేతుల్లో సంచులతో గేటు తీసుకొని వచ్చింది. గోడ అవతలి నుంచి రాజమణి అప్పటికే తొంగిచూస్తోంది. ఆమె వెనక ఇంకో రెండు తలలు లేచాయి.

"యశోదా," అన్నది లలితమ్మ. "నా కొడుక్కు ఏం మందు పెట్టినవో అందరి ముంగట చెప్పు."

యశోద సంచులు కింద పెట్టింది. ఎల్లేష్‌ను, క్యాన్‌ను, గోడ మీది తలలను ఒక్కొక్కటిగా చూసింది. ఆమెకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం ఎర్రబడింది. మాట్లాడమన్నట్టు భర్త వైపు చూసింది.

శశిధర్ మాట్లాడాడు. "యశోదా, చెప్పకు! ఇంక కొన్ని దినాలే ఉన్నయి. ఇప్పుడు చెప్తే ఇన్నొద్దుల కష్టం గంగల కలుస్తది!"

గోడ మీది తలలన్నీ ఒక్కసారి "అమ్మో!" అన్నాయి. యశోద భర్తను ఇంకొక క్షణం చూసింది. సంచులు అక్కడే వదిలి ఇంట్లోకి పోయింది. లోపల బీరువా తలుపు గట్టిగా తెరుచుకున్న చప్పుడు, దాని వెంట బట్టల సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడ్డాయి. శశిధర్‌కు అప్పుడు తట్టింది, తాను అన్న మాట ఎదుటివాళ్ల చెవిలో ఎలా పడి ఉంటుందో. లేవబోయాడు. లక్ష్మయ్య భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఎల్లేష్ క్యాన్ మూత తీసి గ్లాసులో పసరు పోశాడు. ముదురాకుపచ్చగా ఉంది. దాని వాసనకు గోడ మీద ఒక తల దిగిపోయింది.

"తాగు సార్. మందు ఉంటే కక్కుతవు. లేకుంటే చెరుకురసం తీరు కడుపుల పడి ఉంటది."

శశిధర్ గ్లాసు అందుకున్నాడు గాని నోటికి పెట్టలేదు. ఇల్లు కూలుతున్నా ఆయనకు ఒక సందేహం వచ్చింది.

"మందు లేనోళ్లకు ఎన్నడన్న తాపి చూసినవా?"

ఎల్లేష్ ఆలోచించాడు. "మందు లేనోడు నా దగ్గరికి ఎందుకొస్తడు సార్?"

"అయితే మందు లేకున్నా కక్కుతరేమో! ముందు మందు లేని మనిషి తాగి చూడాలె గద."

ఈ తర్కం లక్ష్మయ్యకు అవమానంగా తోచింది. మేనల్లుడి చేతిలోని గ్లాసు గుంజుకున్నాడు. "ఇటు తేరా. నేను తాగుత. నా కడుపుల ఏ మందూ లేదు. మా ఇంటిదానికి గంత తెలివే ఉంటే నేను గిట్లెందుకుంట?" అని, మీసం ఒకసారి దువ్వుకొని, గటగటా తాగేశాడు.

కాసేపు ఏమీ జరగలేదు. లక్ష్మయ్య విజయగర్వంతో అందరి వైపూ చూశాడు. ఆ చూపు ఒక చుట్టు పూర్తయ్యేలోపే ముఖం రంగు మారింది. లేచి జామచెట్టు మొదట్లోకి పరుగెత్తాడు. తర్వాత అక్కడ జరిగింది గోడ అవతలివాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు.

లక్ష్మయ్య చెట్టు పట్టుకొని వెనక్కి తిరిగేసరికి అందరూ బాలనర్సమ్మ వైపే చూస్తున్నారు. ఎల్లేష్ కూడా చూస్తున్నాడు.

"నా దిక్కేంది గట్ల చూస్తుండ్రు?" అన్నది బాలనర్సమ్మ. వచ్చిన కాన్నుంచి ఆమె నోరు విప్పడం అదే మొదలు. "నేను మందు పెట్టిన్నా? పెట్టిననుకోండ్రి, పెడితే గీ మనిషి గిట్లుంటడా? పెండ్లయిన కాన్నుంచి నా మాట ఒక్కటన్న ఇన్నడా? చేన్ల పత్తి పెట్టొద్దంటే పెట్టిండు. ఇయ్యాల గీ ఇంటికి రావొద్దంటే వచ్చిండు. గా పసరు తాగొద్దని కండ్లతోని సైగ చేసిన. తాగిండు!"

ఆ సాక్ష్యాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేకపోయారు. ఎల్లేష్ క్యాన్ మూత మెల్లగా బిగించాడు.

అప్పుడు యశోద బయటికి వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో రెండు సీసాలు. సీసాలను అరుగు మీద పెట్టి, ఒక్కోదాంట్లోంచి ఒక క్యాప్సూల్ తీసి అందరి ముందే విప్పి అరచేతిలో పోసి చూపింది. రెండు పొడులూ ఒకటే రంగులో ఉన్నాయి.

"జొన్నపిండి. దీంట్ల జొన్నపిండే, దాంట్ల జొన్నపిండే. ఇన్నొద్దుల సంది ఈయన మింగింది రొట్టెల పిండి."

శశిధర్ నోరు తెరిచాడు. "మరి చూర్ణం?"

"ఈయనకు నిద్ర పడ్తలేదంటే ఎందుకు పడ్తలేదని నేను గూడ చూసిన. తెల్లారకముందే అత్తమ్మ లేస్తరు, గిన్నెల చప్పుడైతది, ఈయన లేస్తడు. ఇగ మందు ఎవలకు ఇయ్యాలె? అత్తమ్మ మోకాళ్లు చూసే ప్రభాకర్ డాక్టర్‌ను అడిగిన. అత్తమ్మ మందుల చీటీలన్నీ చూసి, ఇయ్యొచ్చన్నడు. అత్తమ్మకు గూడ చెప్పే ఇచ్చిన, నిద్రకు మంచిదట, పాలల్ల కలుపుత అని. అత్తమ్మనే బాగున్నది, ఇంకింత వెయ్యి అన్నరు."

లలితమ్మ తల వాలిపోయింది. నిజమే. ఆ పాలు తాగిన కాన్నుంచే తెల్లవారుజామున మెలకువ రావడం లేదు. గిన్నెలు సర్దే పని కోడలి మీదనే పడింది.

యశోద అత్త ముందుకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "అత్తమ్మా, ఒక్క మాట అడుగుత. నేను మందు పెట్టే మనిషినని అనుమానమున్నోళ్లు, నా చేతి పాలు రోజూ ఎట్ల తాగిండ్రు?"

ఎల్లేష్ తన పని తాను చేయాలి గనుక, మర్యాదగా దగ్గి అడిగాడు. "అయితే మందు పడ్డది అమ్మకన్నట్టు. అమ్మకు తాపాల్నా?"

"నాకొద్దు!" అన్నది లలితమ్మ ఉలిక్కిపడి. "మంచిగ నిద్ర పడ్తున్నది, దాన్ని కక్కుమంటవా?"

శశిధర్ చేతి గడియారం వైపు చూసుకున్నాడు. ఇన్నాళ్లూ తన ముంజేతికి కట్టుకొని ఆయన కొలిచింది తల్లి నిద్రను. మార్కులన్నీ ఆమెవే. ముందు పరీక్ష పోయిందన్న బాధ కలిగింది. ఆ బాధ ముందు కలిగినందుకు సిగ్గు కలిగింది. భార్య నోటికి తానే తాళం వేసి, దాని మూలంగా నలుగురిలో ఆమె మాట పడుతుంటే తాళం తీయొద్దని అరిచాడు. గడియారం విప్పి జేబులో వేసుకొని ఆమె చేతిలోని సంచి అందుకోబోయాడు.

"తప్పు నాదే యశోదా. ఉండు."

"తప్పు నీదని నాకు ఎరుకే," అన్నది యశోద సంచి వదలకుండా. "బస్టాండ్ దాంక దింపుతవా, ఆటో చూసుకోనా?"

దింపాడు. దారిలో రాందాస్ చౌరస్తా దగ్గర చర్చి నుంచి వస్తున్న మోసెస్ ఎదురుపడి, "అన్నా, ఎట్ల నడుస్తున్నది పరీక్ష?" అని కేకేశాడు. శశిధర్ బండి ఆపలేదు.

యశోద తూప్రాన్‌లో అక్క ఇంట్లో ఉన్నన్నాళ్లు మెదక్‌లో పాలు కాచేవాళ్లే గాని కలిపేవాళ్లు లేకపోయారు. చూర్ణం ఎంత వేయాలో తల్లీకొడుకులిద్దరికీ తెలియదు. ఫోన్ చేసి అడిగే ముఖం ఇద్దరికీ లేదు. లలితమ్మ మళ్లీ కోడి కన్నా ముందు లేవసాగింది. కాకపోతే ఈసారి గిన్నెలు ముట్టుకోలేదు. చీకట్లో అరుగు మీద ఊరికే కూర్చునేది. ఒక పొద్దున శశిధర్ లేచి చూసేసరికి మంచి చీర కట్టుకొని, చెప్పులు వేసుకొని గేటు దగ్గర నిలబడి ఉంది.

"యాడికమ్మా?"

"తూప్రాన్. బండి తియ్యి."

మోకాళ్ల నొప్పులతో అక్కడి మెట్లెక్కి, యశోద అక్కాబావల ముందరే లలితమ్మ కోడలి చెయ్యి పట్టుకున్నది. "నలుగుర్ల నోరు జారిన బిడ్డా. నలుగుర్లనే అంటున్న, తప్పైంది. ఇంటికి రా," అన్నది. పాల సంగతి ఎత్తలేదు. యశోద లోపలికి పోయి అత్తకు కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి చాయ తెచ్చింది. సాయంత్రానికి అత్తాకోడళ్లు బస్సులో, శశిధర్ బండి మీద మెదక్ చేరారు. ఇక మీదట శశిధర్ ఏ పరీక్ష చేసుకున్నా దానికి ఇంట్లోవాళ్ల సాయం అడగకూడదని, అడగకుండా చేసుకోగలిగిన పరీక్షలే చేసుకోవాలని యశోద బయలుదేరేముందే ఒప్పించింది. ఆలోచించి చూస్తే అలాంటి పరీక్ష ఒక్కటీ ఆయనకు దొరకలేదు.

టేక్మాల్‌లో ఎల్లేష్ మాత్రం మెదక్ కేసు గెలిచాననే ఇప్పటికీ చెప్తాడు. మందు ఎవరు పెట్టారో, ఎవరికి పెట్టారో తేలలేదు గాని, కక్కడం మాత్రం నలుగురి ముందే జరిగింది.